ట్రయథ్లాన్ వేదిక ఎలా ఎంచుకుంటారు? ముందు చూసేది నీళ్లే!

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఒక ఆట కనిపించలేదు. అదే ట్రయథ్లాన్. అంతకు ముందు 2002 మాంచెస్టర్‌లో, 2006 మెల్‌బోర్న్‌లో ఉన్న ఈ ఆటను ఢిల్లీలో ఎందుకు తప్పించారు? ఈత పోటీకి అనువైన నీళ్లు దొరక్క.

ఈ ఆటకు ఏం కావాలి?
ఒలింపిక్స్ వ్యక్తిగత పోటీలో 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైక్లింగ్, 10 కి.మీ. పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పూర్తి చేయాలి. ఈత కొట్టేది స్విమ్మింగ్ పూల్‌లో కాదు. నదిలోనో, చెరువులోనో, సముద్రంలోనో. ఆ పక్కనే ట్రాఫిక్ ఆపగలిగే మంచి రోడ్డు కూడా ఉండాలి.

ఇప్పటివరకు ఎక్కడెక్కడ?
• 2000 సిడ్నీ: ఒపేరా హౌస్ పక్కనున్న హార్బర్
• 2008 బీజింగ్: మింగ్ సమాధుల దగ్గరి జలాశయం
• 2012 లండన్: హైడ్ పార్క్‌లోని సెర్పెంటైన్ సరస్సు
• 2016 రియో: కోపాకబానా బీచ్
• 2020 టోక్యో (2021లో జరిగాయి): ఒడైబా తీరం
• 2024 పారిస్: సీన్ నది
ఆసియా క్రీడల్లోకి ఈ ఆట 2006 దోహాలో వచ్చింది.

పెద్ద నగరాలకూ తిప్పలేనా?
అవును. టోక్యోలో 2019 ఆగస్టులో జరిగిన ట్రయల్ పోటీలో ఈ-కోలి బ్యాక్టీరియా పరిమితికి రెట్టింపు తేలింది. దాంతో పారా ట్రయథ్లాన్‌లో ఈతను రద్దు చేశారు. పారిస్ అయితే సీన్ శుద్ధికి దాదాపు 140 కోట్ల యూరోలు ఖర్చు పెట్టింది. అయినా వానలకు మురుగు కలవడంతో పురుషుల పోటీ జులై 30 నుంచి 31కి వాయిదా పడింది.

మరి మన దగ్గర?
2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. అందులోని 8 ఆటల్లో ట్రయథ్లాన్ లేదు. హుస్సేన్ సాగర్‌లో పడవ పోటీలు జరుగుతాయి. కానీ పడవ నడపడం వేరు, ఆ నీళ్లలో మునిగి ఈదడం వేరు. ఖమ్మం జిల్లా పెనుబల్లి మండలంలోని లంకాసాగర్ లాంటి జలాశయాలు మనకు చాలానే ఉన్నాయి. అయితే నీళ్లు కనిపించినంత మాత్రాన అది వేదిక కాదు. పరీక్షల్లో నెగ్గాలి.

ఆ పరీక్ష ఏమిటి?
కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం, స్నానానికి వాడే 100 మి.లీ. నీటిలో ఫీకల్ కోలిఫాం (మల సంబంధ బ్యాక్టీరియా) 500 లోపు ఉండటం మంచిది. ఎట్టి పరిస్థితుల్లోనూ 2,500 దాటకూడదు.

మీరు ఏం చేయొచ్చు?
మీ ఊరి చెరువు నీటి పరీక్ష ఫలితాలు కావాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఆర్టీఐ దరఖాస్తు పెట్టొచ్చు. ఎప్పుడు పరీక్షించారు, మురుగు ఎక్కడ కలుస్తోంది అనే రెండు ప్రశ్నలు తప్పక అడగండి. పోటీలు వచ్చినా రాకపోయినా, ఆ చెరువులో ఈదేది మన పిల్లలే.