ఉత్తర్వు – స్వాధీనం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి భూవివాదాల నేపథ్యంలో కోర్టు ధిక్కార వాదన

వ్యాససంగ్రహం:
స్థిరాస్తి స్వాధీన వివాదాలలో నిషేధాజ్ఞను ఉల్లంఘించి భూమిని ఆక్రమించినప్పుడు, నష్టపోయిన పక్షం కోర్టు ధిక్కార పిటిషన్‌ను ఆశ్రయించడం పరిపాటి. కక్షిదారు ఆశించేది భూమి. న్యాయస్థానం విచారించేది అవిధేయత. ఈ రెంటి మధ్య గల అంతరాన్ని పూర్వ వరంగల్ ప్రాంత భూచరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్వాధీనం నిరంతరం కొనసాగే స్థితి కాగా, ధిక్కారం ఒక నిర్దిష్ట దినాన జరిగిన చర్య అని, ఈ కాలభేదాన్ని గుర్తించకపోవడమే పలు వాదనల వైఫల్యానికి మూలమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వాధీనం, నిషేధాజ్ఞ, కోర్టు ధిక్కారం, రక్షిత కౌలుదారు, పహాణీ.

1. ఉపోద్ఘాతం:
జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. వీటి పాలనా చరిత్ర ఏకరూపమైనది కాదు. సాయుధ పోరాట కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. మానుకోటగా వ్యవహరింపబడే మహబూబాబాద్ వరంగల్ జిల్లాలోనిది. నేటి భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్, కాటారం ప్రాంతాలు కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి చేరాయి. 2022 జూన్ 2న కొత్త న్యాయ జిల్లాలు ప్రారంభం కావడంతో ఈ మూడింటికీ జిల్లా న్యాయస్థానాలు సమకూరాయి. న్యాయస్థానం చేరువైంది గాని, దాని ముందుకు వచ్చే ప్రశ్న పాతదే: భూమి ఎవరి స్వాధీనంలో ఉన్నది?

2. పొలం నుంచి పహాణీకి:
ఈ ప్రశ్నకు 1940ల జనగామలో సమాధానం చెప్పింది కాగితం కాదు, పంట. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి భూమిని కౌలుకు తీసుకొని సాగుచేసింది. ఆ పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకుపోవడానికి సిద్ధపడగా, ఆంధ్ర మహాసభ కార్యకర్తలు దానిని కోసి ఆమె ఇంటికి చేర్చారు. దేశ్‌ముఖ్ సంఘ నాయకులపై కేసులు పెట్టించాడు. పొలంలోని బలాబలాలు, కచేరీలోని వ్యాజ్యాలు పక్కపక్కనే నడిచాయి. పంటను ఇంటికి చేర్చుకున్నవారిదే స్వాధీనమని ఊరంతా ఎరిగిన కాలమది.

1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ఈ స్థితిని మార్చింది. రక్షిత కౌలుదారు అనే వర్గానికి అది చట్టబద్ధత కల్పించింది. ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ 1973 జనవరి 1 నుంచి తెలంగాణలో అత్యధిక ప్రాంతానికి వర్తించి, రక్షిత కౌలుదారులను యజమానులుగా గుర్తించింది. చట్టవిరుద్ధంగా తొలగింపబడిన కౌలుదారు భూమి మీద లేకపోయినా హక్కుకు అర్హుడేనన్న భావన ఆ సెక్షన్‌లోనే ఉన్నది. ఉట్నూరు తహసీల్దారుకు సంబంధించిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం దీనినే బలపరచింది. ఆ విధంగా చేతిలోని స్వాధీనం, చట్టం ఊహించిన స్వాధీనం అనే రెండు భావనలు ఏర్పడ్డాయి. ధ్రువపత్రం ఒకరి పెట్టెలో, నాగలి మరొకరి చేతిలో ఉన్న చోటల్లా వివాదానికి బీజం పడింది.

ఈ రెంటి మధ్య సాక్షిగా నిలిచింది పహాణీ. 1954–55 నాటి ఖాస్రా పహాణీ మొదలుకొని ఏటా నమోదయ్యే అనుభవదారు కాలమ్ తాత్కాలిక నిషేధాజ్ఞ కోరే వాదికి ప్రధాన ఆధారమైంది. 2020 అక్టోబరు 29న ధరణి అమలుతో ఆ కాలమ్ రికార్డు నుంచి తొలగింది. రెవెన్యూ కోర్టులు కూడా రద్దయ్యాయి. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలులోకి వచ్చి అప్పీలు వ్యవస్థను పునరుద్ధరించింది. అయితే మధ్యకాలపు స్వాధీనాన్ని నిరూపించే భారం సివిల్ న్యాయస్థానాలలో సాక్షుల నోటిమాట మీద మునుపటికన్నా అధికంగా పడింది.

3. నిషేధాజ్ఞ, దాని ఉల్లంఘన:
భారత సివిల్ ప్రక్రియా స్మృతి హైదరాబాద్ రాష్ట్రానికి 1951 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. 39వ ఆర్డర్ కింద ఇచ్చే తాత్కాలిక నిషేధాజ్ఞను ఉల్లంఘించినవారిని శిక్షించే అధికారం మొదట 2వ రూల్‌లోనే ఉండేది. 1976 నాటి సవరణ దానిని 2-ఎ అనే ప్రత్యేక రూల్‌గా రూపొందించింది. దీని ప్రకారం ఉల్లంఘించినవారి ఆస్తిని జప్తు చేయవచ్చు; మూడు నెలలకు మించకుండా సివిల్ జైలులో ఉంచవచ్చు. శాశ్వత నిషేధాజ్ఞ డిక్రీ ఉల్లంఘనకు 21వ ఆర్డర్ 32వ రూల్ కింద అమలు పిటిషన్ మార్గం. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం వీటికి భిన్నమైనది. ఉద్దేశపూర్వక అవిధేయతను అది సివిల్ ధిక్కారంగా నిర్వచించి, ఆరు నెలల వరకు సాధారణ జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలు కల్పించింది. కింది కోర్టు ఉత్తర్వుల ధిక్కారాన్ని విచారించే అధికారం హైకోర్టుకు ఉన్నా, స్మృతిలోనే తగిన మార్గం ఉన్నప్పుడు దానిని ఉపయోగించడంలో న్యాయస్థానాలు సంయమనం పాటిస్తాయి.

4. ఉత్తర్వులోని అస్పష్టత:
ధిక్కారం రుజువు కావాలంటే ఉత్తర్వు స్పష్టంగా ఉండాలి. "యథాతథ స్థితి కొనసాగించాలి" అన్న ఆదేశం ఆ స్థితి ఏమిటో చెప్పనప్పుడు, ఇరుపక్షాలూ తమ స్వాధీనాన్నే కోర్టు కాపాడిందని వాదిస్తాయి. హద్దులు, విస్తీర్ణం, సర్వే సబ్‌డివిజన్ పేర్కొనని ఉత్తర్వు విషయంలోనూ ఇదే పరిస్థితి. సందేహం ఉన్నచోట ఉద్దేశపూర్వకత నిలవదు.

వరంగల్ పట్టణంలోని రెండు స్థలాలపై తలెత్తిన అనాతుల సుధాకర్ కేసు ఈ సందర్భంలో గమనార్హం. ఒక పక్షం సోదరి నుంచి, మరొక పక్షం ఆమె సోదరుని నుంచి కొన్నది. పసుపుకుంకుమల కింద నోటిమాటగా ఇచ్చారన్నది సోదరి హక్కుకు మూలం. 2008 మార్చి 25న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, హక్కుపై మబ్బు కమ్మిన చోట కేవల నిషేధాజ్ఞ దావా చాలదని, హక్కు ప్రకటన కోరాలని నిర్దేశించింది. పునాది దావాయే నిలవని చోట దాని తాత్కాలిక ఉత్తర్వుపై కట్టిన ధిక్కార వాదన భూమిని దక్కించలేదు. భూపాలపల్లి ప్రాంతంలోని కొంపల్లి గ్రామంలో 106.34 ఎకరాలకు సంబంధించిన వివాదం మరొక ఉదాహరణ. దశాబ్దాల వ్యాజ్యం తరువాత 2024 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు అది అటవీ భూమేనని తేల్చి, రాష్ట్ర ప్రభుత్వానికీ ప్రైవేటు పక్షానికీ చెరి ఐదు లక్షల రూపాయల ఖర్చులు విధించింది.

5. కాలపరిమితి:
ధిక్కార చట్టంలోని 20వ సెక్షన్ ఒక సంవత్సరం గడువు విధించింది. భూమి ఇప్పటికీ ఆక్రమణదారు చేతిలోనే ఉన్నది కనుక ధిక్కారం ప్రతిదినం జరుగుతున్నట్లేనన్నది బాధితుల సహజ వాదన. తెలంగాణ హైకోర్టు తీర్పుపై వెళ్లిన ఎస్. తిరుపతిరావు కేసులో 2024 జూలైలో సుప్రీంకోర్టు దీనిని అంగీకరించలేదు. తొలగింపు ఆ దినానే పూర్తయిన చర్య. దాని దుష్ఫలితం కొనసాగడం వేరు, తప్పు కొనసాగడం వేరు. ఈ విచక్షణ తర్కరీత్యా సమంజసమైనదే. కానీ గ్రామీణ కక్షిదారు విషయంలో దీని పర్యవసానం కఠినం. నిర్దిష్ట పరిహార చట్టంలోని 6వ సెక్షన్ కింద స్వాధీనాన్ని తిరిగి పొందే దావాకు ఆరు నెలలే గడువు. ధిక్కార పిటిషన్ ఫలితం కోసం ఎదురుచూసేలోగా ఆ ద్వారం మూసుకుపోతుంది.

6. ప్రభుత్వాధికారి ప్రతివాదియైనప్పుడు:
ధిక్కార వాదన బలంగా నిలిచే సందర్భం అధికారి స్వయంగా ఆదేశాన్ని మీరినప్పుడు. 6వ సెక్షన్ దావా ప్రభుత్వంపై చెల్లదు కనుక ఇక్కడ ధిక్కార చట్టానికి ప్రాధాన్యం ఎక్కువ. గుంటూరు జిల్లాలో హైకోర్టు ఆదేశాలను లెక్కచేయక గుడిసెలు తొలగించిన తహసీల్దారుకు హైకోర్టు రెండు నెలల జైలు విధించింది. 2025 మే 9న సుప్రీంకోర్టు ఆ శిక్షకు బదులుగా, అప్పటికి డిప్యూటీ కలెక్టరైన ఆ అధికారిని తిరిగి తహసీల్దారు స్థాయికి తగ్గించి, లక్ష రూపాయల జరిమానా విధించింది. ఉత్తర్వు గౌరవం నిలిచింది. అయితే గుడిసెలు కూలిన 2013–14కూ ఈ తీర్పుకూ మధ్య పదకొండేళ్లు గడిచాయి.

7. ముగింపు:
పాలకుర్తి పంట నాటి నుంచి నేటి వరకు ఈ ప్రాంతంలో స్వాధీనాన్ని కోల్పోయినవారికి కాలమే ప్రధాన ప్రత్యర్థి. ఐలమ్మ ఇంటికి ధాన్యం ఆ కోతలోనే చేరింది. తరువాతి కోత దాకా ఆగివుంటే ఆ భూమి మరొకరి అనుభవంగా నమోదై ఉండేది. ధిక్కార చట్టం అవిధేయుని శిక్షిస్తుంది. నాగలిని తిరిగి చేతికివ్వడం సివిల్ స్మృతి, కౌలుదారీ చట్టాల పని. హద్దులతో కూడిన స్పష్టమైన ఉత్తర్వు, అడ్వకేట్ కమిషనర్ ద్వారా తక్షణ స్థితి నమోదు, స్వాధీన పునరుద్ధరణకు గడువులోపు వేరుగా పిటిషన్ – ఈ మూడూ ఉన్నచోట ధిక్కార వాదన భూమికి కాపలా కాగలదు. అవి లేనిచోట అది కోర్టు గౌరవానికి మాత్రమే కాపలా.