నిట్రాట మార్చిన ఇల్లు

మొదట్లో లినక్స్‌కి అప్‌గ్రేడ్ అనేది లేదు, ఫార్మాట్ కొట్టడమే. 1993 జులైలో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ విడుదల చేసేనాటికి లినక్స్ అంటే ఫ్లాపీల దొంతర. ‘ఎ’ గుర్తున్న ఫ్లాపీల్లో మూల వ్యవస్థ, ‘ఎన్’ ఫ్లాపీల్లో నెట్‌వర్క్, ‘ఎక్స్’ ఫ్లాపీల్లో గ్రాఫిక్స్. ప్యాకేజీ అంటే కుదించిన ఫైళ్ల మూట. ఏ మూట దేని మీద ఆధారపడిందో సిస్టమ్‌కి తెలియదు, వాడేవాడికే తెలియాలి. కొత్తది వస్తే సొంత ఫైళ్లు పక్కన దాచుకుని, డిస్కు చెరిపి, మొదటి ఫ్లాపీ నుంచి మళ్లీ మొదలు. ఏది దేని మీద ఆధారపడిందన్న లెక్క స్లాక్‌వేర్ ఈనాటికీ చూడదు. అది బద్ధకం కాదు, పట్టుదల.

అదే ఏడాది ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియన్ దారి వేరు. ప్రతి ప్యాకేజీ తనకేం కావాలో తానే చెప్పుకోవాలన్నారు. ఆ మాటలు విని లెక్క రాసుకునే గుమాస్తా డీపీకేజీ. 1995లో రెడ్ హ్యాట్ నుంచి అలాంటి గుమాస్తానే ఆర్‌పీఎం వచ్చింది. పత్రికల్లో ‘లినక్స్ చరిత్ర’ అనగానే లైనస్ టోర్వాల్డ్స్, 1991, కెర్నల్ అని మొదలుపెడతారు. అప్‌గ్రేడ్ వరకు చూస్తే కెర్నల్ చాలా మర్యాదస్తుడు. పాతదాని పక్కనే కొత్తది ఉంటుంది, నచ్చకపోతే బూట్ మెనూలో పాతదాన్నే ఎంచుకోవచ్చు. చరిత్రంతా ఈ గుమాస్తాలదే.

వాళ్లకి అసలు పరీక్ష సీ లైబ్రరీ మార్పిడితో వచ్చింది. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆనుకుని నిలబడే నిట్రాట అది. లిబ్‌సీ5 నుంచి గ్నూ వారి జీలిబ్‌సీకి, అంటే లిబ్‌సీ6కి మారాలి. 1997 డిసెంబరులో రెడ్ హ్యాట్ 5.0 మారింది, 1998 జులైలో డెబియన్ 2.0 మారింది. రెండు లైబ్రరీలూ పక్కపక్కన ఉండగలవు, అంతవరకు బాగానే ఉంది. ఒకే ప్రోగ్రామ్‌లోకి రెండూ దూరితే మాత్రం కూలుతుంది. ముందు మారాల్సింది వెనక మారితే ఆజ్ఞలు తీసుకునే షెల్లే లేవదు. షెల్ లేకపోతే బాగుచేయడానికి చేతిలో పనిముట్టే ఉండదు. అందుకే డెబియన్ వాళ్లు ఆటోఅప్ అనే చిన్న స్క్రిప్ట్ ఇచ్చారు. ముఖ్యమైన ప్యాకేజీలను ఏ వరసలో ఎక్కించాలో అది చూసుకునేది. మరుసటేడు, 1999 మార్చిలో, డెబియన్ 2.1తో ఆప్ట్ వచ్చాక ఆ వరస లెక్క యంత్రానికే అప్పగించారు. నన్నడిగితే లినక్స్ అప్‌గ్రేడ్ పుట్టింది ఈ ఏడెనిమిది నెలల్లోనే. జనం కాపురం ఉండగానే నిట్రాట మార్చవచ్చని అప్పుడు తేలింది. ఆ లిబ్‌సీ6 పేరు ఇప్పటికీ మారలేదు.

నడుస్తున్న ప్రోగ్రామ్ కాళ్ల కిందినుంచి ఫైలు ఎలా మార్చగలరు? ఇది యునిక్స్ నుంచి వచ్చిన ఆస్తి. పేరు వేరు, లోపలి సరుకు వేరు. డీపీకేజీ కొత్త ఫైలును పక్కన పూర్తిగా రాసి, చివర్లో పాత పేరు దానికి తగిలిస్తుంది. పాతదాన్ని తెరిచి పెట్టుకున్న ప్రోగ్రామ్ మూసేదాకా ఆ పాత సరుకు డిస్కు మీద బతికే ఉంటుంది. ఏ ప్యాకేజీ విప్పడం అయింది, ఏది అమర్చడం అయింది అన్నదీ రాసిపెడుతుంది. దీని విలువ నాకు ఒక వేసవి సాయంత్రం తెలిసింది. అప్‌గ్రేడ్ సగంలో ఉండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన ల్యాప్‌టాప్ అది. కరెంటు వచ్చాక నల్లతెర మీద ఒక్క ఆజ్ఞ ఇస్తే, ఆగినచోటు వెతుక్కుని మిగతా అమరిక కానిచ్చింది. ప్రతిసారీ అంత అదృష్టం పట్టదు లెండి.

ఇంకో మర్యాద కూడా డెబియన్ నుంచే నేర్చుకున్నాం. మీరు చేత్తో దిద్దుకున్న సెట్టింగ్ ఫైలుకు కొత్త రూపం వస్తే, పని ఆపి అడుగుతుంది: మీది ఉంచనా, మాది పెట్టనా, తేడా చూస్తారా? ఊరికే ఎంటర్ కొడితే మీదే ఉంచుతుంది.

2004 అక్టోబరులో మార్క్ షటిల్‌వర్త్ ఉబుంటుతో అప్‌గ్రేడ్‌కి పంచాంగం వచ్చింది. ఆరు నెలలకొక విడుదల, పేరులోనే ఏడాదీ నెలా. 2006 జూన్‌లో వచ్చిన 6.06 దీర్ఘకాల మద్దతున్న తొలి విడుదల. మెరుగులకని రెండు నెలలు ఆగిందని ఆ పేరే చెబుతుంది. నెట్ నత్తనడక నడిచే రోజుల్లో వాళ్లు డిస్కులు పోస్టులో ఉచితంగా పంపేవారు. టెర్మినల్ ముఖం చూడనివాళ్లు కూడా బటన్ నొక్కి అప్‌గ్రేడ్ చేసుకోవడం ఆ కాలంలోనే మామూలైంది. రెడ్ హ్యాట్ అండతో నడిచే ఫెడోరా మాత్రం నడుస్తున్న సిస్టమ్‌ని కదపడానికి జంకింది. 2013 జనవరిలో ఫెడోరా 18తో వచ్చిన పనిముట్టు అన్నీ ముందే దింపుకుని, రీబూట్ చేసి, ఇంకెవరూ లేని గదిలో పని ముగించేది. దాని పేరు ఫెడప్. ఫెడోరా అప్‌గ్రేడర్‌కి ముద్దుపేరట. ఇంగ్లిషులో విసుగెత్తిందనీ వినిపిస్తుంది, ఎవరూ కాదనలేదు.

2015లో డెబియన్ 8, బూట్ అవగానే మిగతా సర్వీసులను లేపే పనిని సిస్టమ్‌డీకి మార్చినప్పుడు జరిగిన గొడవ సాంకేతికం కన్నా కుటుంబ కలహం. వేరుపడినవాళ్లు దేవువాన్ పెట్టుకున్నారు. ఆర్చ్ లినక్స్ వాళ్లకి ఈ విడుదల పండగలే లేవు, రోజూ కాస్త కాస్త మారుతూనే ఉంటారు. తెలుగువాళ్లకి మరో బెంగ ఉండేది, అప్‌గ్రేడ్ అయ్యాక ఒత్తులు చోటు తప్పాయా అని. తెర మీద అక్షరాలు పేర్చే పాంగో 2012లో ఆ కూర్పును హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి అప్పగించాక ఆ బెంగ తగ్గింది. అలవాటు పోక నేను ఇప్పటికీ మొదట ‘రాష్ట్రం’ అని కొట్టి చూసుకుంటాను.

ఇప్పుడు చక్రం వెనక్కి తిరిగినట్టుంది. క్లౌడ్‌లో సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేసేవాళ్లు తగ్గిపోయారు. పాతదాన్ని పారేసి కొత్తది లేపుతారు. 2003 ప్రాంతంలో ఎల్కో డోల్‌స్ట్రా మొదలుపెట్టిన నిక్స్‌లో పాత వ్యవస్థ చెరగకుండా కొత్తదాని పక్కనే ఉంటుంది, వెనక్కి పోవడం క్షణం పని. ఫెడోరా సిల్వర్‌బ్లూ మొత్తం వ్యవస్థను ఒకే ఇమేజ్‌గా మార్చేస్తుంది. ఒకప్పటి గత్యంతరం లేని ఫార్మాట్ ఇప్పుడు పద్ధతి అయింది. నాకిది కొంచెం వెలితిగానే ఉంది.

అయినా పాత పద్ధతి నిట్రాటలు ఇంకా మిగిలే ఉన్నాయి. 32 బిట్లలో సెకన్లు లెక్కపెట్టే వ్యవస్థలకు 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే అంకెలు చాలవు. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 ఆ లెక్కను 64 బిట్లకు పెంచింది, పాత ప్రోగ్రాముల కోసం 32 బిట్ల ఇంటెల్‌ని మాత్రం వదిలేసి. సీ లైబ్రరీ నాటి జాగ్రత్తే మళ్లీ తీసుకున్నారు. పాతదీ కొత్తదీ పొరపాటున కలవకుండా వందలాది లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర ‘టీ64’ తగిలించారు. ఎప్పటినుంచో 64 బిట్ల కాలమే లెక్కపెడుతున్న నా ల్యాప్‌టాప్‌లో కూడా ఆ తోకలు వరసగా దిగాయి.