పులి ఎంత దూరం దూకుతుంది?

పెద్దపులి ఎంత ఎత్తు ఎగురుతుంది? ఎంత దూరం దూకుతుంది? హాంబర్గ్‌లో జంతువుల వ్యాపారం చేసే కార్ల్ హాగెన్‌బెక్‌కు ఈ లెక్క తేలందే పని ముందుకు కదిలేలా లేదు. గడ్డి కూరిన ఒక పావురాన్ని కొమ్మకు వేలాడదీసి, సింహాలనూ పులులనూ చిరుతలనూ దాని కిందికి వదిలాడు. అవి ఎగిరిన ఎత్తు కొలుచుకున్నాడు. ఊచలు లేని జూ కట్టాలన్నది అతని ఆలోచన. ఊచల పని కందకంతో చేయించాలంటే, అది జంతువు దూకే దూరం కంటే వెడల్పుగా ఉండాలి కదా!

అప్పటిదాకా జూ అంటే వరసగా బోన్లు. లండన్ జూలో 1876లో కట్టిన సింహాల భవనం ఆ పద్ధతికి పెద్ద నమూనా. ఉష్ణదేశపు జంతువు చలిగాలి తగిలితే చస్తుందన్న నమ్మకంతో యూరప్ జూలు క్రూరమృగాలను వెచ్చటి గదుల్లో మూసిపెట్టేవి. ఊచల వెనుక గట్టినేల, కడగడం సులువు, కాపలా సులువు. టికెట్ కొన్నవాడికి పులి తప్పనిసరిగా కనిపిస్తుంది. పులికి మాత్రం అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

హాగెన్‌బెక్ 1896లో తన ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. 1907 మే 7న హాంబర్గ్ శివార్లలోని స్టెలింగెన్‌లో జూ తెరిచాడు. ముందు కొలను, అందులో నీటిపక్షులు. దాని వెనుక గడ్డి మేసే జంతువులు, ఇంకా వెనుక సింహాలు, అన్నిటికీ పైన కొండమేకలు తిరిగే రాళ్లగుట్టలు. ఒకచోట నిలబడి చూస్తే అన్నీ ఒకే మైదానంలో కలిసి బతుకుతున్నట్టుంటుంది. మధ్యనున్న కందకాలు కంటికి ఆనవు. ఆ గుట్టలు కూడా అసలువి కావు, స్విస్ శిల్పి ఉర్స్ ఎగెన్‌ష్విలర్ చేతిలో రూపుదిద్దుకున్నవి. నాటకం కంపెనీల తెరలు చూసి పెరిగిన మన పాతతరం ప్రేక్షకుడికి ఈ కిటుకు వెంటనే అర్థమయ్యేది.

హాగెన్‌బెక్‌ను జంతువుల విమోచకుడిగా పొగిడే రాతలు చాలా ఉన్నాయి. ఆ పొగడ్తకు కాస్త పగ్గం వెయ్యాలి. అదే మనిషి 1870ల నుంచీ దూరదేశాల మనుషులను తెచ్చి, టికెట్ పెట్టి ప్రదర్శించినవాడు. కందకం కూడా మొదట చూసేవాడి కంటికోసమే. అయితే ఒక మేలు నిజంగా జరిగింది. తలదాచుకోవడానికి చోటుంటే సింహాలు హాంబర్గ్ చలిలోనూ ఆరుబయట బతకగలవని అతను చేసి చూపించాడు. మూసిన గదుల వాదం అక్కడే బలహీనపడింది.

ఆ తర్వాత అసలు ప్రశ్న వేసినవాడు స్విట్జర్లాండ్‌లో జూలు నడిపిన హైనీ హెడిగర్. జంతువుకు ఎంత చోటు ఇచ్చామన్నది కాదు, ఆ చోటులో ఏముందన్నది ముఖ్యమని 1942లో అచ్చైన పుస్తకంలో వాదించాడు. దాక్కునే మూల, వాసన గుర్తు పెట్టుకునే మాను, ఎత్తుమీద నుంచి చూసే అరుగు లేకపోతే ఎకరాల కొద్దీ నేల ఉన్నా లాభం లేదన్నమాట.

అమెరికాలో ఈ ఆలోచన రెండు పాయలైంది. సియాటిల్‌లోని వుడ్‌లాండ్ పార్క్ జూకు 1976లో జోన్స్ అండ్ జోన్స్ సంస్థ వేసిన ప్రణాళిక ప్రకారం, జంతువున్న అడవిలోకే సందర్శకుడు నడిచి వెళ్లినట్టు అనిపించాలి. దారి పక్కన మొక్కలు, లోపల మొక్కలు ఒకటే. ఇంచుమించు అదే కాలంలో పోర్ట్‌లాండ్ జూలో హాల్ మార్కోవిట్జ్ ఇంకో దారి పట్టాడు. అతని గిబ్బన్ వానరాలు ఒకచోట మీట నొక్కి, కొమ్మల మీదుగా ఇంకోచోటికి ఊగుతూ వెళ్లి తిండి సంపాదించుకునేవి. చూడ్డానికి యంత్రశాలలా ఉందని విమర్శించారు. కానీ జంతువుకు చేతినిండా పని దొరికింది. మరోవైపు, పచ్చటి అడవిలా కనిపించే ఎన్‌క్లోజర్లలో చెట్లు పాడవకుండా కరెంటు తీగ చుట్టడం మామూలే. చెట్టు సందర్శకుడికి అందం, పులి మాత్రం దానికి గోళ్లు గీరుకోలేదు.

2003లో రాస్ క్లబ్, జార్జియా మేసన్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన జంతువు చోటు గురించిన వాదానికి కొత్త కొలత ఇచ్చింది. అడవిలో ఎంత విశాలమైన నేల మీద తిరిగే మాంసాహార జాతి అయితే, బందీగా ఉన్నప్పుడు అంత ఎక్కువగా అటూ ఇటూ పచార్లు చేస్తోందని తేలింది. అలా తిరిగే వీలు కోసం ఫిలడెల్ఫియా జూ 2014లో పులులకు, సింహాలకు సందర్శకుల తలల మీదుగా జాలీ సొరంగం కట్టింది. జాలీ ఎవరికీ దాపరికం లేకుండా కనిపిస్తుంది. పులి మాత్రం ఒక చోటు నుంచి ఇంకో చోటికి నడుస్తుంది.

హాగెన్‌బెక్ కందకం మన దేశానికి నేరుగానే వచ్చింది. ఢిల్లీ జూ ప్రణాళికకు ఆ కుటుంబానికే చెందిన కార్ల్ హైన్రిష్ హాగెన్‌బెక్ 1956లో సలహాలిచ్చాడు. 1959లో జూ తెరిచారు. హైదరాబాద్‌లో బాగ్-ఎ-ఆమ్‌లో ఉన్న జంతువులు 1963లో మీరాలం చెరువు పక్కన తెరిచిన నెహ్రూ జూపార్కుకు మారాయి. అక్కడ సింహాన్ని ఊచలు అడ్డం లేకుండా, కందకం అవతల చూడొచ్చు.

కందకంలో ఒక లోపం ఉంది. అది కనబడకుండా ఉండాలి కాబట్టి, సందర్శకుడి వైపు గోడ తక్కువ ఎత్తులో కడతారు. 2014 సెప్టెంబర్‌లో ఢిల్లీలో ఒక యువకుడు తెల్లపులి ఎన్‌క్లోజర్‌లో పడి చనిపోయాడు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒక వ్యక్తి సింహం ఎన్‌క్లోజర్‌లోకి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తప్పు రెండోవైపు జరిగింది. 1940 నాటి ఎన్‌క్లోజర్ నుంచి 2007 క్రిస్మస్ నాడు టాటియానా అనే పులి బయటపడి ఒకరిని చంపింది, పోలీసులు దాన్ని కాల్చేశారు. కొలిచి చూస్తే కందకం గోడ 12.5 అడుగులే. ఉండాల్సినది 16.4 అడుగులు. పావురం పరీక్ష జరిగి వందేళ్లు దాటినా లెక్క తప్పింది.

ఇన్ని చర్చల్లోనూ మరుగునపడేది ఎన్‌క్లోజర్ వెనుక ఉండే నైట్ హౌస్. జూ మూసే వేళకు పులి అక్కడికే వెళ్తుంది. కేంద్ర జూ అథారిటీ నిబంధనల ప్రకారం జత పులులకు బయట కనీసం 1,000 చదరపు మీటర్లు ఉండాలి. లోపలి గది కనీస కొలత 2.75 మీటర్లు పొడవు, 1.80 మీటర్లు వెడల్పు, అంటే 5 చదరపు మీటర్లైనా లేదు. రాత్రి గడిచేది ఇందులోనే. కొత్త ఎన్‌క్లోజర్ కోసం నిధులు అడిగే జూలు గుట్టలు, జలపాతాలు, గాజు కిటికీల బొమ్మల కంటే ముందు ఈ గది ప్లాను చూపించాలి.