దీమం పిట్ట కూసింది

బండి దిగండి. లైటు ఆపేయండి. ముళబాగిలు నుంచి ఆవనికి వచ్చే దారిలో, గుట్ట మొదట్లో ఉన్నారు మీరు. ఇంకా ఐదు కాలేదు. నిన్ననే ఉగాది, అందుకే ఆకాశంలో చంద్రుడు లేడు. ఇవాళ వర్షతొడుకు. పాత మైసూరు సీమంతా మాంసం వండుకునే రోజు. వచ్చే దారిలో చూశారుగా, మటన్ కొట్ల ముందు ఈ చీకట్లోనే జనం వరసలు కట్టారు. మీకు కావలసింది మటన్ కాదు. కౌజు.

మీ ముందు నిలబడిన తాత భుజం మీద తువ్వాలు, చంకలో గోనెసంచి. చేతిలో ఏదో ఉంది, పాత చీర గుడ్డ కప్పి. లోపల గోళ్ళు గీరుతున్న చప్పుడు.

"పట్టుకో నాయనా. ఊపొద్దు, బెదురుతాది."

పంజరం. లోపల దీమం పిట్ట. గూట్లోంచి తెచ్చి తాత చేత్తో పెంచిన కౌజు పుంజు. అది కూస్తే అడవి పుంజుకు రోషం వస్తుంది, పోట్లాటకు వస్తుంది, ఉరిలో పడుతుంది. అంతే విద్య.

తీసుకోవాలా వద్దా? ఇప్పుడే తేల్చుకోండి. అది చేతిలోకి వచ్చిందంటే మీరిక చూసేవాళ్ళు కాదు, చేసేవాళ్ళు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో చంపడమే కాదు, పట్టడమూ వేటే, పట్టబోవడమూ వేటే. మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2022 సవరణతో ఆ జరిమానా లక్ష రూపాయల దాకా పెరిగింది.

మీరు చెయ్యి చాచారు. పంజరం అనుకున్నదానికంటే తేలిక.

ముందు నీలగిరి తోపు దాటాలి. ఎండుటాకులు కాళ్ళ కింద పటపటమంటున్నాయి. ఎంత మెల్లగా నడిచినా అదే చప్పుడు. తాత ఆగాడు. మీరూ ఆగారు. వినండి. ఏమీ లేదు. కీచురాయి కూడా లేదు.

"ఈడ ఏ పిట్టా ఉండదు" అంటాడు తాత. గొంతు తగ్గించడు కూడా. ఇక్కడ బెదరగొట్టడానికి ఏముంది గనక?

వేళ్ళతో ఆకులు తోసి చూడండి. కింద గడ్డి లేదు, పొద లేదు, గింజ లేదు. 1980లలో కోలారు జిల్లాలో చెట్ల పెంపకం పేరుతో ఇదొక వెల్లువలా వచ్చింది. రాగి పండే చేలల్లో కూడా నీలగిరి నాటారు. కూలీ ఖర్చు లేదు, కాపలా లేదు, మేక మూతి పెట్టదు, కొన్నేళ్ళకు కట్టె కొనేవాడు వాకిట్లోకి వస్తాడు. రైతును తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. బావులు ఎండాక, భూగర్భ జలం అందనంత లోతుకు పోయాక, 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించింది. నాటినవి మాత్రం నరికినకొద్దీ మోడు నుంచి చిగురుస్తూనే ఉంటాయి.

తోపు అయిపోయింది. ఒక్కసారిగా ముక్కుకు కలివి పూల వాసన. కాళ్ళకు ముళ్ళు. తంగేడు, రేగు, బలుసు, మధ్యమధ్య మోకాలెత్తు బోదగడ్డి. ఇది గోమాళం, ఊరి పశువులు మేసే ఉమ్మడి బీడు. కాగితాల్లో దీన్ని ఖాళీ స్థలం అంటారు. ఖాళీ అన్నారు కాబట్టే క్వారీకి పోతుంది, లేఅవుటుకు పోతుంది.

తాత గొంతుక్కూర్చున్నాడు. సెల్‌ఫోన్ వెలుతురును అరచేత్తో సగం మూసి నేల మీదికి పట్టాడు. రేగు చెట్టు కింద మెత్తని దుమ్ములో గిన్నెంత గుంట. వేలు పెట్టమంటాడు. పెట్టండి. పొడి దుమ్ము, మైదాపిండంత మెత్తగా. అంచున చిన్న ఈక, బూడిదరంగు మీద సన్నటి అడ్డచారలు.

"నిన్న సాయంత్రం పొర్లాడినాయి. ఒకటి కాదు, జత."

కౌజులు పేను వదిలించుకోవడానికి దుమ్ములో పొర్లుతాయి. నీళ్ళతో కాదు, మట్టితో స్నానం.

ఉరులు పాతుతున్నాడు. చిన్న వెదురు పుల్లలు, వాటికి నైలాన్ దారం ముడులు. వెనకటికి గుర్రపు తోక వెంట్రుకలు వాడేవారు. పంజరం చుట్టూ ఒక వలయం. ఇరవై అడుగుల అవతల పొద వెనక మీరు, తాత. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకోండి. దగ్గొద్దు. చీమ కుట్టినా కదలొద్దు.

తూర్పున నంగలి వైపు ఆకాశం బూడిదరంగు తిరిగింది. తాత తాడు లాగాడు. పంజరం మీది గుడ్డ జారింది.

నిశ్శబ్దం.

తర్వాత దీమం పిట్ట మెడ సాచింది. *కితీతుర్... కితీతుర్... కితీతుర్...* ఇంత పిడికెడు పిట్ట, ఆ గొంతు గుట్టకు తగిలి తిరిగొచ్చింది.

చెరువు కట్ట వైపు నుంచి జవాబు. ఇంకొకటి బండ మీద నుంచి. మూడోది చాలా దగ్గర, మీ ఎడమ పక్క. దాని వెంటే సన్నగా *పీ... పీ...*

తాత మీ మోచెయ్యి నొక్కాడు. "పెట్ట కూడా ఉంది."

చూడకుండానే ఎలా తెలిసింది? కూత విని ఆడదో మగదో చెప్తాడు, ఎంత దూరమో చెప్తాడు, ఈ రాత్రి ఏ చెట్టెక్కి పడుకుంటుందో కూడా చెప్తాడు. ఇలాంటి కన్ను, ఇలాంటి చెవి ఏం చేయగలవో కడప జిల్లా చూసింది. కలివి కోడి 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్ళీ ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చి ఊరూరా తిరిగి అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట, టార్చి వెలుగులో దాన్ని చేత్తో పట్టి తెచ్చింది ఐతన్న. పిట్టలు పట్టేవాడు. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ అది దొరకబట్టే లంకమల అభయారణ్యం వచ్చింది. ఎనభై ఆరేళ్ళు ఏ పుస్తకానికీ అందనిది ఒక వేటగాడి చేతికి అందింది. ఆ చేతికి మనం సంకెళ్ళు చూపించడం తప్ప పని చూపించలేదన్నది నా ఫిర్యాదు. సరే, అది తర్వాత. గడ్డి కదులుతోంది.

వచ్చింది.

పరుగున వచ్చింది. కౌజు ఎగరడానికి బద్ధకిస్తుంది, కాళ్ళనే నమ్ముతుంది. ఆగింది. మెడ నిక్కించింది. లేత పసుపు గొంతు, చుట్టూ నల్లదారం కట్టినట్టు గీత. రొమ్ము ముందుకు తోసి దీమం పిట్ట మీదికి ఒక్క దూకు.

ఉరి బిగిసింది.

"పో! పట్టు!"

పరుగెత్తండి. రెక్కలు నేలకు కొట్టుకుంటున్నాయి, దుమ్ము కళ్ళలోకి. రెండు చేతులతో మూయండి. పాదానికి పడ్డ దారం తాత విప్పుతాడు. ఇప్పుడు అది మీ అరచేతుల్లో ఉంది. పావు కిలో ఉంటుందేమో. వేడిగా ఉంది. దాని గుండె కొట్టుకోవడం కాదు, వణుకుతోంది. వేలికి గుచ్చుకున్నది దాని కాలి ముల్లు. పుంజు గుర్తు.

సంచిలో వేశారు. మూతి కట్టారు. సంచి మీ భుజాన.

తాత ఇంకో ఉరి సరిచేస్తూ ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు.

మీకూ తగిలింది. పొగ.

కింద, దారి వైపు. మొదట ఒక తెల్లటి చార. ఎవరో బోదకు నిప్పు పెట్టారు. తొలివాన పడగానే లేతగడ్డి వస్తుందని వేసవిలో పెట్టే నిప్పే. రోజూ చూసేదే. కానీ మీరు దానికి పైన ఉన్నారు. పొద్దు పొడిచింది. గాలి గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. నిప్పు గాలి వెంటే వస్తుంది.

పైకి పరుగెత్తాలనిపిస్తుంది. వద్దు. ఎగువకు నిప్పు మీకంటే వేగం.

తోపులోకి? అసలే వద్దు. ఆ ఆకులో నూనె ఉంది.

"అడ్డంగా! బండకు!" తాత అరుస్తున్నాడు.

కుడివైపు నల్లరాతి బండ. గడ్డి లేదు. వంద అడుగులు. పరుగెత్తారు. సగం దూరంలో వెనక్కి చూశారు.

పంజరం అక్కడే ఉంది.

దీమం పిట్ట కూయడం లేదు. ఊచలకేసి తల బాదుకుంటోంది. దానికి పరుగెత్తే వీలు లేదు. ఆ వీలు తీసేసింది మనిషే.

పోతారా?

పోయారు. పొగ. కళ్ళు మూసుకుపోతున్నాయి. దగ్గు. ఉరి పుల్ల కాలికి తగిలింది. పడ్డారు. లేచారు. చెయ్యి చాచారు. ఊచ దొరికింది. లాగారు. చిటపట. ఎడమ చెంప మండుతోంది. ఎటు? బండ ఎటు?

"ఇటు నాయనా! ఇటు!"

గొంతు వైపు. పరుగు. ముళ్ళు. రాయి. ఇంకో రాయి.

బండ.

ఊపిరి పీల్చండి. తాత మీ చేతిలో కానుగ కొమ్మ పెట్టాడు. పచ్చిది, ఆకులతో. ఆగడానికి సమయం లేదు. బండకు అవతల పది ఎకరాల బీడు ఇంకా పచ్చగా ఉంది. రెండు బండల మధ్య నాలుగు బారల సందు, అందులో గడ్డి. నిప్పు అక్కడ దాటితే అంతా పోతుంది.

కొట్టండి. ఎత్తి కొట్టొద్దు, రవ్వలు ఎగురుతాయి. అదిమి కొట్టండి. కాలిన వైపు నిలబడండి. కాలిన నేల మళ్ళీ కాలదు. కొట్టండి. అదమండి. చెప్పు అడుగు మెత్తబడుతోంది. జరగండి. కొట్టండి.

మీ కాళ్ళ దగ్గర పొద బద్దలైంది. *బుర్ర్ర్...* ఒక కౌజు మీ మోకాలి పక్కనుంచి లేచి, సందు దాటి, అవతల పొదల్లో రాలినట్టు దిగింది. చివరి క్షణం దాకా కదల్లేదు. ఎందుకు కదల్లేదో ఇప్పుడు ఆలోచించకండి. కొట్టండి.

సందులో మంట తగ్గింది. పొగైంది. ఆగింది.

ఇవతల గుట్ట నల్లగా ఉంది. తాత పెట్ట లేచిన చోటికి నడిచాడు. బూడిద ఊదాడు. నేలలో చిన్న గుంట. ఏడు గుడ్లు. మామూలుగా లేత మీగడ రంగులో ఉంటాయి. ఇప్పుడు ఒక పక్క మాడి ఉన్నాయి. ఒకటి చిట్లి లోపల ఉడికి తెల్లగా కనిపిస్తోంది. పద్దెనిమిది, పందొమ్మిది రోజులు పొదిగితే పిల్లలయ్యేవి. పుట్టిన రోజే నడిచేవి, చెదలు ఏరుకు తినేవి.

ఇంతసేపూ మనం వేసిన ఉరులకు దొరికింది ఒక్కటి. నిప్పు ఒక్క పూటలో ఒక కాన్పును తీసుకుపోయింది. క్వారీ వస్తే గుట్టనే తీసుకుపోతుంది, అప్పుడు లెక్కపెట్టడానికి గుడ్లు కూడా ఉండవు. అలాగని ఉరి చిన్న తప్పని నేను అనను. మీ భుజాన సంచి ఉండగా అది అనడం కష్టం.

"మళ్ళీ పెడతాది" అంటున్నాడు తాత. గుంట వైపే చూస్తున్నాడు. "ఎండలు ముదిరే లోపు ఇంకో కాన్పు పెడతాది. పుంజుంటే."

సంచి కదిలింది. మీ వీపుకు ముల్లు తగిలింది.

దారి మీద బైకు ఆగిన చప్పుడు. ఖాకీ చొక్కా. పొగ చూసి వచ్చిన ఫారెస్టు గార్డు. పైకి ఎక్కి వస్తున్నాడు, ఆయాసపడుతూ. కన్నడంలో మొదలుపెట్టి, మీ ముఖాలు చూసి తెలుగులోకి వచ్చాడు.

"నిప్పు ఎవురు పెట్టినారు?"

"కిందెవురో సార్. మేం ఆర్పినాం." తాత కొమ్మ చూపించాడు. ఆకుల్లేవు, మాడిన పుల్లలు మిగిలాయి.

గార్డు చూపు బండ మీదికి పోయింది. "ఆ పంజరం ఎవురిది?"

"నాదే సార్."

ఇప్పుడు మీ వంతు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. భుజం మీది సంచిని ఎవరూ చూడలేదు. కౌజు కూడా కదలకుండా ఉంది.

"సంచి నాది" అన్నారు మీరు.

గార్డు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. రాశాడు. మీ పేరు, తాత పేరు, ఊరు, పంజరం ఒకటి. మెల్లగా రాస్తాడు, తొందరేమీ లేదు. తర్వాత సందుకు అవతల పచ్చగా మిగిలిన బీడు వైపు చాలాసేపు చూశాడు. పేజీ తిప్పాడు.

"పెద్దాయనా, ఈ గుట్ట మీద ఎన్ని జతలున్నాయి? నీకు తెలిసే ఉంటాది."

తాత తడుముకోలేదు. "చెరువు కట్ట కింద ఒకటి. బండకు పైన ఒకటి, దాని పెట్టను ఇంకా వినలేదు, సాయంత్రం వస్తే చెప్తా. ఈడ ఒకటి." ఆగాడు. మీ భుజం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఆ సంచిలో దాన్ని కలుపుకుంటేనే సార్, ఈడ జత."