పైథాన్ స్క్రిప్టులో కమాండు లైను ఆప్షన్లు

కమాండు లైను ఆప్షన్లు అనగా ఒక ప్రోగ్రామును నడిపే సమయంలో దాని పేరు పక్కన రాసే సూచనలు. ప్రోగ్రాము లోపలి కోడును మార్చకుండానే అది ఏ దస్త్రం మీద, ఏ విధంగా పనిచేయాలో ఇవి తెలుపుతాయి. పైథాన్ భాషలో రాసిన స్క్రిప్టు ఈ సూచనలను చదివి, విడగొట్టి, సరైనవో కావో నిర్ణయించే పనిని పార్సింగు అంటారు. ఇందుకు పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో గెట్‌ఆప్ట్, ఆప్ట్‌పార్స్, ఆర్గ్‌పార్స్ అనే మూడు మాడ్యూళ్ళు ఉన్నాయి.

ఈ వ్యాసంలో ఒకే ఉదాహరణను చివరి వరకు తీసుకున్నాము. పుత్తూరు మండలం పూర్వం చిత్తూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. తెలుగు వికీపీడియా వంటి చోట గ్రామానికి ఒక పుట చొప్పున ఉన్నప్పుడు, జిల్లా పేరును అన్ని పుటలలోనూ చేతితో మార్చడం దుస్సాధ్యం. ఇటువంటి పనికి బాట్ అనే స్క్రిప్టును వాడతారు. ఏ పుట, పాత పేరు ఏది, కొత్త పేరు ఏది అన్న సంగతులు ఆ స్క్రిప్టుకు చేరేది ఆప్షన్ల ద్వారానే. వీలు కోసం ఆదేశాలన్నిటినీ తెలుగు లిపిలోనే చూపుతున్నాము.

ఆదేశం ముక్కలయ్యే విధానం

పైథాన్ మార్చు.పివై --కొత్త "తిరుపతి జిల్లా" పుత్తూరు

పై ఆదేశాన్ని మొదట చదివేది పైథాన్ కాదు, షెల్. అది ఖాళీల వద్ద వాక్యాన్ని ముక్కలు చేసి పైథాన్‌కు అందిస్తుంది. ఆ ముక్కలు సిస్ మాడ్యూలులోని ఆర్గ్‌వి అనే జాబితాలో చేరతాయి. జాబితాలో సున్నా స్థానంలో స్క్రిప్టు పేరు ఉంటుంది, అసలు సూచనలు ఒకటవ స్థానం నుండి మొదలవుతాయి. "తిరుపతి జిల్లా" చుట్టూ కోట్ గుర్తులు పెట్టకపోతే అది రెండు ముక్కలవుతుంది. అప్పుడు కొత్త పేరు "తిరుపతి" అని మాత్రమే నమోదై, "జిల్లా" అనేది పుట పేరుగా భావించబడుతుంది. తెలుగు పేర్లతో పనిచేసేవారికి తరచుగా ఎదురయ్యే పొరపాటు ఇదే.

కుండలీకరణాలతో మరొక చిక్కు ఉంది. కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లాలో కూడా పుత్తూరు అనే పట్టణం కలదు. ఒకే పేరు గల ఊళ్ళను వేరు చేయడానికి పుట పేరు పక్కన కుండలీకరణాలలో జిల్లా పేరు రాయడం పరిపాటి. కాని బాష్ వంటి షెల్‌కు ఆ గుర్తులకు ప్రత్యేక అర్థం ఉంది. కోట్ గుర్తులు లేకుండా రాస్తే, స్క్రిప్టు మొదలు కాకముందే షెల్ తప్పు చూపి ఆగిపోతుంది.

సంప్రదాయాలు

యూనిక్స్ సంప్రదాయంలో ఒక అడ్డగీత, ఒక అక్షరం కలిస్తే పొట్టి ఆప్షన్. రెండు అడ్డగీతలు, ఒక పదం కలిస్తే పొడుగు ఆప్షన్. పొడుగు ఆప్షన్లను ప్రచారంలోకి తెచ్చింది గ్నూ ప్రాజెక్టు. రెండు అడ్డగీతలు మాత్రమే విడిగా రాస్తే "ఇక ఆప్షన్లు లేవు, మిగిలినవన్నీ మామూలు పేర్లు" అని అర్థం. అడ్డగీత లేని ముక్కలను స్థానాన్ని బట్టి గుర్తిస్తారు.

వర్డ్ ప్రాసెసర్ నుండి ఆదేశాన్ని నకలు చేసేటప్పుడు జాగ్రత్త అవసరం. అక్కడ రెండు అడ్డగీతలు ఒక పొడుగు గీతగా మారిపోవచ్చు. కంటికి తేడా కనబడదు గాని ఆర్గ్‌పార్స్ దానిని ఆప్షన్‌గా గుర్తించదు.

మాడ్యూళ్ళు

గెట్‌ఆప్ట్ మూడింటిలో పాతది, సి భాషలోని అదే పేరు గల ఫంక్షనును అనుసరించినది. ఇది ముక్కలను విడగొట్టి ఇస్తుంది, అంతే. విలువలను సంఖ్యలుగా మార్చడం, సహాయ సందేశం రాయడం ప్రోగ్రామరు పని. 2003లో వచ్చిన పైథాన్ 2.3లో ఆప్ట్‌పార్స్ చేరింది. గ్రెగ్ వార్డ్ రాసిన ఆప్టిక్ అనే లైబ్రరీ దీనికి మూలం. ఆ తరువాత స్టీవెన్ బెథార్డ్ రాసిన ఆర్గ్‌పార్స్, 2010లో పైథాన్ 2.7తోను, 2011లో పైథాన్ 3.2తోను ప్రామాణిక లైబ్రరీలో చేరింది. స్థానాన్ని బట్టి వచ్చే విలువలను, ఉప ఆదేశాలను కూడా ఇది చూసుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవారు ఆర్గ్‌పార్స్‌తో మొదలు పెట్టడం మేలు. బయటి లైబ్రరీలలో ఆర్మిన్ రోనాకర్ రాసిన క్లిక్ ప్రసిద్ధమైనది.

ఆర్గ్‌పార్స్ పనితీరు

ముందుగా ఆర్గ్యుమెంట్‌పార్సర్ అనే వస్తువును సృష్టించాలి. యాడ్_ఆర్గ్యుమెంట్ పద్ధతితో ఒక్కొక్క ఆప్షన్‌ను దానికి చెప్పాలి. చివరగా పార్స్_ఆర్గ్స్‌ను పిలిస్తే విలువలన్నీ ఒక నేమ్‌స్పేస్ వస్తువులో లభిస్తాయి. పైథాన్ 3లో ఆప్షన్ల పేర్లు తెలుగులో కూడా ఉండవచ్చు. --జిల్లా అని పెడితే ఆ విలువను చుక్క జిల్లా అనే పేరుతోనే కోడులో వాడుకోవచ్చు. సహాయం కోరే ఆప్షన్ దానంతట అదే తయారవుతుంది. వాడుకరి తప్పు రాస్తే స్క్రిప్టు వాడుక పద్ధతిని చూపి, 2 అనే నిష్క్రమణ సంఖ్యతో ఆగుతుంది.

విలువలన్నీ మొదట అక్షరమాలలుగానే వస్తాయి. టైప్ అనే చోట ఇంట్ అని చెబితే పూర్ణాంకంగా మారతాయి. పుత్తూరు పిన్‌కోడు 517583 ఇలా మార్చినా నష్టం లేదు. విశేషమేమంటే ౫౧౭౫౮౩ అని తెలుగు అంకెలలో రాసినా పైథాన్ అదే సంఖ్యగా గ్రహిస్తుంది. కాని తిరుపతి ఎస్టీడీ సంకేతం 0877ను ఇంట్‌గా మారిస్తే మొదటి సున్నా పోయి 877 మిగులుతుంది. లెక్క కట్టని సంఖ్యలను అక్షరమాలలుగానే ఉంచాలి. టైప్ వద్ద బూల్ అని రాయడం మరొక పొరపాటు. ఖాళీగా లేని ఏ అక్షరమాల అయినా పైథాన్‌కు నిజమే కనుక, వాడుకరి ఫాల్స్ అని రాసినా ట్రూ అవుతుంది. అవును, కాదు అన్న ఆప్షన్లకు స్టోర్_ట్రూ అనే యాక్షన్‌ను వాడాలి.

ఒకే ఆప్షన్‌కు అనేక విలువలు కావలసి రావచ్చు. తిరుపతి జిల్లాలో పూర్వపు చిత్తూరు జిల్లా మండలాలే కాక నెల్లూరు జిల్లా నుండి వచ్చిన మండలాలు కూడా ఉన్నాయి. అందువలన --పాత ఆప్షన్‌కు ఎన్‌ఆర్గ్స్ విలువగా కూడిక గుర్తు ఇచ్చామనుకుందాం:

పైథాన్ మార్చు.పివై --పాత "చిత్తూరు జిల్లా" "నెల్లూరు జిల్లా" పుత్తూరు

ఇక్కడ పుత్తూరు కూడా పాత జిల్లా పేర్లలో కలిసిపోతుంది, పుట పేరు లేదని స్క్రిప్టు ఫిర్యాదు చేస్తుంది. పుట పేరును ముందు రాయడమో, దానికి ముందు రెండు అడ్డగీతలు విడిగా పెట్టడమో చేయాలి.

పొడుగు ఆప్షన్‌ను కుదించి రాసినా ఆర్గ్‌పార్స్ అంగీకరిస్తుంది. --పరీక్షకు బదులు --పరీ చాలు. ఇది సౌకర్యమే గాని, రేపు అవే అక్షరాలతో మొదలయ్యే మరొక ఆప్షన్ చేరితే పాత ఆదేశం పనిచేయదు. అల్లో_అబ్రివ్ విలువను ఫాల్స్ చేస్తే ఈ కుదింపును ఆపవచ్చు.

తెలుగు అక్షరాలతో ఇబ్బందులు

పుత్తూరు అనే మాటలో మనకు కనబడేవి మూడు అక్షరాలు. యూనికోడ్ ప్రకారం అవి ఎనిమిది సంకేతాలు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. పైథాన్ 2 కాలంలో ఆర్గ్‌విలోకి బైట్లే వచ్చేవి, వాటిని ప్రోగ్రామరే డీకోడు చేయాలి. విండోస్‌లో పరిస్థితి ఇంకా అధ్వాన్నం. తెలుగుకు పాత పద్ధతి కోడ్‌పేజీ లేనందున అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వచ్చేవి. పుటల పేర్లను ఒక దస్త్రంలో రాసి, ఆ దస్త్రం పేరును మాత్రమే ఆంగ్లంలో ఇవ్వడం అప్పటి ఉపాయం. పైథాన్ 3లో ఆర్గ్‌వి యూనికోడ్ అయినందున ఈ బాధ తప్పింది.

కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ మాత్రం ఇప్పటికీ చిక్కే. ఛాయిసెస్ ద్వారా అనుమతించిన పేర్లను ఆర్గ్‌పార్స్ ఒక్కొక్క సంకేతం చొప్పున పోల్చి చూస్తుంది. పొల్లు తరువాత ఆ గుర్తు ఒక చోట ఉండి మరొక చోట లేకపోతే, చూడడానికి ఒకేలా ఉన్న పేరును కూడా తిరస్కరిస్తుంది. పోల్చే ముందు దానిని తొలగించే చిన్న ఫంక్షనును టైప్ వద్ద ఇవ్వవచ్చు.

పైవికీబాట్ పద్ధతి

వికీ బాట్లకు విరివిగా వాడే పైవికీబాట్ తన ఆప్షన్లకు వేరే రూపం పెట్టుకున్నది: ఒక అడ్డగీత, పదం, కోలన్ గుర్తు, విలువ. భాషను తెలిపే ఆప్షన్ -లాంగ్:టిఇ అని ఉంటుంది. -సిమ్యులేట్ అని ఇస్తే మార్పులు భద్రం కావు, ఏం జరిగేదో మాత్రం చూపుతుంది. -ఆల్వేస్ అని ఇస్తే ప్రతి పుటకు అనుమతి అడగడం మానివేస్తుంది.

చివరి రెండింటినీ తేలికగా తీసుకోరాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని 66 మండలాలూ తిరుపతికి వెళ్ళలేదు. పుత్తూరుకు పొరుగున ఉన్న నగరి 2022లో చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరింది. అన్ని పుటలలో ఒకే మార్పు చేస్తే నగరి పుట తప్పవుతుంది. పుత్తూరు పుటలో కూడా "పూర్వం చిత్తూరు జిల్లాలో ఉండేది" అన్న వాక్యం "పూర్వం తిరుపతి జిల్లాలో ఉండేది" అని మారి చరిత్రే తారుమారవుతుంది. అందుచేత సొంతంగా స్క్రిప్టు రాసేవారు పరీక్షను ఆప్షన్‌గా కాక సహజ స్థితిగా ఉంచి, నిజంగా రాయడానికి --భద్రపరచు అనే ఆప్షన్‌ను అడగడం ఉత్తమం. అప్పుడు ఆప్షన్ మరచిపోయినవారి వల్ల పుటలకు హాని జరగదు.