ఎండకాల్పు – ఇంటి చికిత్సలు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన సామెత. కాని లెక్క చూస్తే, కృష్ణా గోదావరీ తీరాలవారికి సూర్యుడు సరిగా నడినెత్తిన నిలిచేది రోహిణిలో కాదు. మే మొదటి పక్షంలో ఒకసారి, తిరిగి ఆగస్టు మొదటి పక్షంలో మరొకసారి. ఆగస్టులో మబ్బులు, వానలు, చల్లని గాలి ఉంటాయి గనుక ఆ నడినెత్తి సూర్యుణ్ణి మనమెవ్వరమూ లెక్కపెట్టము. వేడిగా లేనప్పుడు ఎండ కాల్చదని మన నమ్మకం. గాలిలోని వేడి వేరు, చర్మాన్ని కాల్చే కిరణం వేరు అన్న సంగతి మనిషికి తెలిసి రెండువందల యేళ్ళు మాత్రమే అయినది. చిత్రమేమంటే, ఆ సంగతి తెలియకముందే ఎండకాల్పుకు చికిత్సలు పుట్టినవి. వాటిలో కొన్ని సరియైనవి కూడాను.

ఈ విషయంలో నాకు ఆసక్తి కలిగించినది పుస్తకం కాదు, నా మెడ. కొన్నేళ్ళ క్రిందట నౌపడ ప్రాంతపు ఉప్పుకొటార్లలో పనివారి పాటలు రికార్డు చేయడానికి వెళ్ళినాను. ఫాల్గుణమాసం. సముద్రపు గాలి హాయిగా వీస్తున్నది. తలపై టోపీ ఉన్నది గదా అని ధీమాగా పగలంతా మళ్ళ గట్లమీద తిరిగినాను. సాయంకాలానికి మెడ, గడ్డం క్రింది భాగం, ముంజేతులు ఎర్రగా కమిలి మండసాగినవి. తెల్లని ఉప్పు మీద పడిన వెలుగు క్రిందినుండి పైకి కొట్టినదని తరువాత గాని తెలియలేదు. అక్కడ పనిచేసే స్త్రీలు చీరపైన పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని, ముఖానికి గుడ్డ చుట్టుకుని ఎందుకున్నారో అప్పుడర్థమైనది. వారిలో ఒక వృద్ధురాలు నా అవస్థ చూసి, కుండలోని నీటితో పాతగుడ్డ తడిపి మెడకు చుట్టి, “ఆరితే మళ్ళా తడుపుకో బాబూ” అన్నది. అంతే ఆమె వైద్యం.

ఆ ముసలమ్మ చేసిన చికిత్సకు సుశ్రుతుని ఆమోదమున్నది. సుశ్రుత సంహితలో సూత్రస్థానం పన్నెండవ అధ్యాయం అగ్నికర్మను గురించినది. అందులో నిప్పుచేత కాలిన గాయాలను నాలుగు తరగతులుగా విభజించినారు. చర్మం రంగుమారి మండే మొదటి తరగతికి, మనమెవ్వరమూ ఊహించని విధంగా, చన్నీరు కూడదనీ, వేడి ఉపచారమే చేయవలెననీ విధించినారు. చల్లదనానికి రక్తం గడ్డకడుతుందని వారి యుక్తి. నేటి వైద్యులు దీనిని అంగీకరించరు. నిప్పు కాలితే వెంటనే చల్లని నీటిధార క్రింద పెట్టమంటారు. కాని అదే అధ్యాయంలో ఎండచేతా, వడగాలిచేతా కాలినవారి సంగతి వచ్చేసరికి ఆచార్యుడు మాట మార్చి, వారికి ఎల్లప్పుడూ శీతలోపచారమే చేయవలెనన్నాడు. అంటే నిప్పుకాల్పూ ఎండకాల్పూ ఒకటి కాదని ఆయనకు అనుభవంవల్ల తోచినదన్నమాట. కారణం తెలియకపోయినా భేదం తెలిసినది. ఇది చిన్న విషయం కాదు.

చరకుడు దాహాన్ని, అంటే ఒంటి మంటను శమింపజేసే పది ద్రవ్యాలను ఒకచోట కూర్చినాడు. పేలాలు, చందనం, గుమ్మడిటేకు పండు, ఇప్ప, చక్కెర, నల్లకలువ, వట్టివేరు, సుగంధిపాల, తిప్పతీగ, కురువేరు. ఈ పట్టీ చదువుతుంటే వైద్యగ్రంథం చదువుతున్నట్లుండదు. వేసవిలో మన అమ్మమ్మల వంటింటి అలమర తెరిచినట్లుంటుంది. సుగంధిపాల వేళ్ళు షర్బత్తులోకి వచ్చినవి. వట్టివేళ్ళు తడికలై గుమ్మాలకు ఎక్కినవి. నీళ్ళు చల్లిన ఆ తడిక గుండా వచ్చే గాలి ఎందుకు చల్లబడుతుందో, తడిగుడ్డ మెడను ఎందుకు చల్లారుస్తుందో కారణమొక్కటే. నీరు ఆవిరి అవుతూ వేడిని తనతో తీసుకుపోతుంది. గంధపు పూతలోనూ మేలు చేసేది చాలావరకు ఆ తడియే. గంధం ఎండి బిగిసినదాకా అలాగే వదిలివేస్తే కమిలిన చర్మం మరింత లాగుతుంది.

ఈ చికిత్సలన్నింటిలో నాకు మిక్కిలి ముచ్చటగా తోచేది శతధౌత ఘృతం. పేరులోనే విధానమంతా ఉన్నది. నేతిని పళ్ళెంలో వేసి, చన్నీరు పోసి, అరచేతితో మర్దించి, ఆ నీటిని పారబోసి, తిరిగి క్రొత్తనీరు పోసి, ఇలా నూరుసార్లు. రాగిపళ్ళెం శ్రేష్ఠమంటారు. పసుపుపచ్చని నేయి క్రమంగా తన వాసనను పోగొట్టుకుని, తెల్లగా, వెన్నకంటె మెత్తగా, తాకితే చల్లగా మారుతుంది. నీటి బిందువులు కొవ్వులో చిక్కుకొని ఉండడమే ఇందులోని రహస్యం. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో రోమునగరంలో వైద్యం చేసిన గేలెను మైనం, నూనె, నీరు కలిపి ఇటువంటి లేపనాన్నే చేసినాడు. నేడు కోల్డ్ క్రీము పేరిట అమ్మేది దాని సంతతియే. ఒకరి నుండి ఒకరు నేర్చినట్లు మనకు ఆధారం లేదు. మంట ఉన్నచోటెల్లా ఎవరో ఒకరు ఓపికగా కూర్చుని నెయ్యో నూనెయో నీటితో కలిపినారని మాత్రం తెలుస్తున్నది. కాలగా ఉన్న ఒంటికి కడగని నేయి గాని, వట్టి నూనె గాని వెంటనే పూస్తే వేడి లోపలే నిలుస్తుంది. ఆ నూరు కడుగుల శ్రమ వృథా కాదు.

ఇక కారణం తెలిసిన కథ. 1801లో జర్మనీలో రిట్టరు, సూర్యకాంతిని పట్టకం గుండా విడదీసి, ఊదారంగుకు ఆవల, కంటికి ఏమీ కనిపించని చోట వెండిలవణం త్వరగా నల్లబడడం గమనించినాడు. అతినీలలోహిత కిరణాలు అలా బయటపడినవి. ఇరవై యేళ్ళ తరువాత లండనులో ఎవెరార్డు హోం అనే శస్త్రవైద్యుడు తన ఒక చేతిని నల్లగుడ్డతో కప్పి, రెండవదానిని ఎండలో ఉంచినాడు. నల్లగుడ్డ క్రింద వేడి ఎక్కువైనా ఆ చేయి కాలలేదు, కప్పనిది బొబ్బలెక్కినది. కాల్చేది వేడి కాదని ఋజువైనట్లే. ఈయనే తన బావగారు జాన్ హంటరు వ్రాతప్రతులను 1823లో నిప్పులో వేసి కాల్చినవాడు. హంటరు శ్రమను తనదిగా చెప్పుకున్నాడన్న అపవాదు అతనిని నేటికీ వదలలేదు. తరువాత 1889లో స్వీడనులో విడ్మార్కు ఆర్కు దీపంతో ప్రయోగాలు చేసి, చర్మాన్ని కందజేసేది అతినీలలోహిత కిరణమేనని నిలబెట్టినాడు. డెన్మార్కులో ఫిన్సెను తన ముంజేతిపై నల్లసిరాతో పట్టీ గీసుకొని ఎండలో కూర్చున్నాడు. కడిగితే సిరా క్రింది చర్మం తెల్లగా, చుట్టూ ఎర్రగా ఉన్నది. ఎరుపు తగ్గి ఆ భాగం నల్లబడినాక తిరిగి ఎండలో పెడితే, ఈసారి కందినది మునుపు సిరాక్రింద దాగిన భాగమే. చర్మపు నలుపు మనకు సహజమైన గొడుగు అని ఆ పట్టీ చెప్పినది. ఆ గొడుగుకూ చిల్లులుంటాయి. నల్లని ఒళ్ళు కాలదనుకోవడం పొరపాటు.

నౌపడలో ఆ రాత్రి మాకు బస ఇచ్చిన పెద్దమనిషి ఎంతో ఆదరంతో నా ముంజేతులకు నిమ్మరసం పట్టించినాడు. మర్నాడు మళ్ళీ ఎండలోకి వెళ్ళినాను. రసం కారిన చారల వెంబడే బొబ్బలు లేచి, గోధుమరంగు మచ్చలు కొన్ని నెలలపాటు నిలిచినవి. నిమ్మలో ఉండే ఒక జాతి పదార్థాలు చర్మాన్ని అతినీలలోహితానికి మరింత లోకువ చేస్తాయి. బొల్లికి మన వైద్యులు బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టేది ఈ గుణాన్ని నమ్మియే. 1930ల దశకంలో బావంచాలనుండి వేరుచేసిన సొరాలెను ఆ జాతిదే. వైద్యుడు కొలతతో వాడితే మందైనది, తెలియక పూస్తే వాత అవుతుంది.

కలబంద సంగతి కొంత మెరుగు. 1935లో అమెరికాలో ఎక్స్-రే కిరణాలవల్ల పుండైన చర్మానికి దాని పచ్చి ఆకు వేసి ప్రయోజనం పొందినట్లు ఇద్దరు వైద్యులు ప్రకటించినారు. నాటినుండి దాని గౌరవం పెరిగినది. మజ్జిగ తడిపిన గుడ్డ చర్మం చిట్లనంతవరకు హాయినిస్తుంది. బొబ్బ చిదిమినచోట మాత్రం మజ్జిగ, పసుపు, మట్టి ఏదీ తగదు. మంచుగడ్డను నేరుగా ఒత్తరాదు. నీళ్ళు బాగా త్రాగవలె. బొబ్బలు విస్తారంగా లేచినా, జ్వరమూ వణుకూ తోడైనా, కందినది పసిబిడ్డ అయినా ఇంటి వైద్యం మాని డాక్టరు వద్దకు వెళ్ళవలసినదే.

రెండవనాటి సాయంకాలం నా చేతులు చూసి ఆ వృద్ధురాలు, నిమ్మకాయ ఎవరు పూయమన్నారని అడిగినది. నేను పేరు చెప్పలేదు. ఆమె మళ్ళీ కుండవద్దకు వెళ్ళి గుడ్డ తడిపి తెచ్చినది.