హాల్లోని టెలిఫోను

మా చిన్నతనంలో టెలిఫోను హాల్లో ఉండేది, పైన అల్లికల గుడ్డ కప్పుకుని. అందులో గుట్టుగా మాట్లాడడం అసాధ్యం: అటు వంటింట్లో అమ్మ, ఇటు పేపరు చాటున నాన్నగారు. కౌమారంలోని పిల్లల మనోవేదనకు ఊరటగా రూపొందిన మొబైల్ యాప్‌ల పూర్వచరిత్ర ఈమధ్య చదువుతూంటే, ఆ ఫోనే మాటిమాటికీ గుర్తుకువచ్చింది.

నా దృష్టిలో ఆ చరిత్ర 1935లో, ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో మొదలవుతుంది. చాద్ వరా అనే యువ పురోహితుడు జరిపించిన మొట్టమొదటి అంత్యక్రియలు ఒక 14 ఏళ్ళ బాలికవి. ఆమె రజస్వల అయింది. అదేమిటో చెప్పేవారు లేక, సుఖవ్యాధి సోకిందని భయపడి ప్రాణం తీసుకుంది. 18 ఏళ్ళ తరువాత, 1953 నవంబరులో, లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఆయన ఒక టెలిఫోను ముందు కూర్చున్నాడు. అదే సమారిటన్స్ సంస్థకు నాంది. తమాషా ఏమిటంటే, ఆయన కోసం వేచి ఉన్నవారికి టీ అందించే స్వచ్ఛంద సేవకులతోనే చాలామంది మనసు విప్పి మాట్లాడి, ఆయనను కలవకుండానే తేలికపడి వెళ్ళిపోయేవారట. అది గమనించి 1954లో ఆ పని వారికే అప్పగించాడు. (తెలిసినవాడు పక్కకు తప్పుకోవడం మన సాహిత్యసభల్లో ఎన్నడైనా చూశామా?)

కౌన్సెలింగ్ గది గడప తొక్కడానికి జంకే పిల్లల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. వారికోసం న్యూజీలాండులోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో శాలీ మెర్రీ బృందం 'స్పార్క్స్' అనే కంప్యూటర్ ఆటను తయారుచేసింది. అందులో దిగులు ఆలోచనలు పురుగుల్లా ముసురుకుంటాయి. ఏడు అంకాలలో వాటిని తరిమికొట్టాలి. ఆలోచన మారితే మనఃస్థితి మారుతుందన్న చికిత్సాసూత్రమే ఆటకు ఇరుసు. 12–19 ఏళ్ళ వయసున్న 187 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. మామూలు చికిత్సకు ఆట తీసిపోలేదు! కానీ 2014లో దేశమంతటికీ విడుదల చేశాక, చివరిదాకా ఆడినవారి పాలు బాగా తగ్గింది. పరీక్షలో "ఎంతవరకు వచ్చావమ్మా?" అని అడిగే మనిషి ఉండడమే తేడా అని నా అనుమానం.

పక్కగదిలో ఎవరూ వినకుండా చెప్పుకునే దారి 2013లో అమెరికాలో తెరుచుకుంది. క్రైసిస్ టెక్స్ట్ లైన్‌కు సందేశం పంపితే, శిక్షణ పొందిన మనిషి జవాబిస్తాడు. శబ్దం లేదు, కన్నీళ్ళు కనపడవు. అయితే గోడలకు చెవులుండనే ఉన్నాయి. ఆ సంభాషణల సారాన్ని, పేర్లు తీసేసి, వినియోగదారుల సేవల సాఫ్ట్‌వేర్ చేసే తన అనుబంధ వ్యాపారసంస్థతో పంచుకుంటోందని 2022 జనవరిలో బయటపడింది. విమర్శలు రాగానే మానుకుంది. పేర్లు తీసేస్తే సరిపోతుందన్న వాదన నాకు మింగుడుపడలేదు. ఆ పిల్ల అర్ధరాత్రి రాసుకున్నది ఒక మనిషికి గానీ, సరుకుగా కాదు కదా!

అదే ఏడాది అక్టోబరు 10న మన దేశంలో 14416 నంబరుతో టెలీ మానస్ ప్రారంభమైంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇంటర్ చదువుతున్న మా అన్నయ్య కూతురికి, హాస్టల్‌కి వెళ్ళేముందు, ఆ నంబరు రాసిచ్చాను. కాగితం మడిచి పెట్టుకుంటూ అడిగింది:

"పైకి మాట్లాడాలా బాబాయ్? గదిలో మేం ఎనిమిది మందిమి ఉంటాం."